మా తాత కలపలేని నీలం

సున్నం గీకడానికి వచ్చిన పెయింటరు నన్ను కేకేసి పిలిచాడు. మెదక్ బజారులో మా ఇంటి ముందుభాగంలో ఉన్న పాత మడిగెను సెల్‌ఫోన్ల దుకాణానికి కిరాయికి ఇచ్చాం. వాళ్ళు సామాను దించేలోపు గోడలు బాగుచేయించాలని పని పెట్టుకున్నాం. "మేడం, జర ఇటొచ్చి చూడుండ్రి. ఈ గోడ మీద ఎవరో హోలీ ఆడినట్టుంది" అన్నాడతను. వెళ్ళి చూశాను. పెరట్లోకి పోయే తలుపు పక్కన, నడుమెత్తున, పొరలు పొరలుగా ఊడిన సున్నం కింద వేలిముద్రలు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, ముదురు ఊదా. ఒకదాని మీద ఒకటి, ఏళ్ళ తరబడి రుద్దిన వేళ్ళ జాడలు. పండగకొకసారి సున్నం వేసేవాళ్ళు, ఆ తెల్లటి గోడ మీద మా తాత మళ్ళీ వేళ్ళు రుద్దేవాడు. గంగాళంలో రంగు ఎంత చిక్కబడిందో తెలుసుకోవడానికి ఆయనకు ఆ గోడే కాగితం. పెయింటరును కాసేపు చాయ్ తాగి రమ్మని పంపించి, నేను ఆ గడప మీదే కూర్చుండిపోయాను.

మా తాత పేరు మల్లయ్య. ఊళ్ళో అందరికీ రంగ్రేజ్ మల్లయ్య. బట్టలకు రంగులు వేయడం ఆయన పని. వెలిసిపోయిన చీరలు, పెండ్లిళ్ళలో తలకు చుట్టే రుమాళ్ళు, కొత్తగా తెచ్చిన తెల్లటి తానులు, ఏవి తెచ్చిచ్చినా కోరిన రంగులో తిరిగిచ్చేవాడు. దుకాణం ముందువైపు, పని అంతా వెనక పెరట్లో. అక్కడ రెండు పెద్ద పొయ్యిలు, వాటి మీద రెండు రాగి గంగాళాలు, పక్కన సోడా, ఉప్పు పోసిన కుండలు. పొద్దున లేవగానే మా ముక్కులకు తగిలేది కట్టెల పొగ, మరిగే ఉప్పునీళ్ళు, తడిసిన నూలు కలిసిన ఒక వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, ఇవాళ మీ ఇంట్లో ఎరుపు వేశారా, పచ్చ వేశారా అని అడిగేది. రంగును బట్టి వాసన మారదని చెప్పినా నమ్మేది కాదు. మా బాపు లారీ నడిపేవాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. అమ్మ వంటలోనూ పొయ్యి దగ్గరా సగం సగం ఉండేది. నేను పెరిగింది తాత, నాయనమ్మల మధ్యనే.

తాతకు కొన్ని పట్టింపులు ఉండేవి. పొద్దు గూకాక రంగు ముట్టేవాడు కాదు. "బల్బు అబద్ధమాడుతది" అనేవాడు. పొద్దున ఎండ పెరట్లోకి పూర్తిగా దిగాక, ఆరిన బట్టను ఒక చేత్తో, గిరాకీ ఇచ్చిన నమూనా ముక్కను ఇంకో చేత్తో పట్టుకుని, కండ్లు చిన్నవి చేసి చూసేవాడు. సరిపోతే ఒక్కసారి గొంతు సవరించుకునేవాడు, అంతే. ఆ శబ్దం వినపడితే నాయనమ్మ బట్ట మడతపెట్టేది. వినపడకపోతే మళ్ళీ పొయ్యి వెలిగించేది. రంగులకు ఆయన పేర్లు ఆయనవే. ఉల్లిపొర, చింతచిగురు, వంకాయ పువ్వు, కుంకుడు పిక్క. నాకూ నాయనమ్మకూ ఉన్న పని చీరలు ఆరబెట్టడం. ఇద్దరం చెరో కొస పట్టుకుని దూరంగా నిలబడి ఊపుతూ ఉండేవాళ్ళం. ఇద్దరి చేతులూ ఒకేసారి లేస్తే చీర నడిమి భాగం అలలా పైకి ఎగిసి నీళ్ళు చిమ్మేది. నేను పరధ్యానంగా ఒక లెక్క తప్పితే, నేను లేపేటప్పుడు ఆమె దించితే, నడిమి భాగం కదలకుండా చచ్చినట్టు పడి ఉండేది. "సోయి ఎటు పోయింది నీకు" అని నాయనమ్మ అటు కొస నుంచి గదమాయించేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఇంట్లో కొత్తగా ఒక తగువు మొదలైంది. స్నానం చేసి వచ్చిన తాత, నాయనమ్మ ఉతికి ఇచ్చిన ధోవతిని ఎండలో విప్పి చూసి విసుక్కునేవాడు. "ఇది ఉతికినవా, ఊరికె తడిపి ఆరేసినవా? పచ్చగ పసుపుల ముంచినట్టున్నది." నాయనమ్మ మర్నాడు ఇంకా గట్టిగా బాదేది, ఇంకో చుక్క నీలి వేసేది. ఆయన మళ్ళీ అదే మాట అనేవాడు. మా కండ్లకు అది కొంగలా తెల్లగా ఉండేది. ముసలితనం, చాదస్తం అనుకున్నాం.

ఆ తగువు ఇంట్లోనే ఉండిపోతే బాగుండేది. శివ్వంపేట నుంచి ఒక పటేలమ్మ ప్రతి ఏటా మా దగ్గరికే వచ్చేది. వాళ్ళది భూములున్న కుటుంబం. ఆ ఏడు తన తమ్ముడి కూతురి పెండ్లికి కట్టుకోవాలని ఒక తెల్లటి పట్టుచీర, దానితో పాటు లేత నీలం జాకెట్టు ముక్క తెచ్చి, ఇదే రంగు కావాలని ఇచ్చి వెళ్ళింది. తాత మూడు రోజులు కష్టపడి వేశాడు. ఎండలో చూసుకుని గొంతు సవరించుకున్నాడు. నాయనమ్మ మడతపెడుతూ ఒకసారి నా వైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరం మాట్లాడలేదు. పటేలమ్మ వచ్చి చీర విప్పింది.

"ఇదేంది మల్లయ్యా? నేనిచ్చింది ఆకాశం రంగు. నువ్వు నాచు రంగేసినవ్."

"అదే రంగు పటేలమ్మా. మంచిగ చూడుండ్రి" అన్నాడు తాత, జాకెట్టు ముక్కను చీర మీద పెట్టి.

"నాకు కండ్లు కనిపిస్తలేవా? ఒకటి నీలం, ఒకటి పచ్చ. ఏం పిల్లా, నువ్వు చెప్పు" అని ఆమె నన్ను అడిగింది.

నేను నేల చూశాను. నా మౌనమే ఆమెకు జవాబైంది, తాతకూ అయింది. పెండ్లి దగ్గర పడింది కాబట్టి ఆమె ఆ చీరే పట్టుకుపోయింది. పోతూ పోతూ, "ముప్పయ్యేండ్ల సంది వస్తున్న. ఇట్ల చేస్తవనుకోలె" అంది. తిట్టినా బాగుండేదేమో. తాత ఆ పూట అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆ తర్వాత నీలం బట్ట ఏది వచ్చినా, హైదరాబాదు నుంచి ఆ రంగు రాలేదని తిప్పి పంపేసేవాడు. రంగు పొట్లం గూట్లో ఉందని నాకు తెలుసు. ఎరుపులు, పసుపులు మాత్రం తీసుకునేవాడు. మడిగె ముందు నిలబడే మనుషులు పలచబడ్డారు. నా మౌనం వల్లే ఇదంతా జరిగిందని నాలో నేను కుమిలిపోయేదాన్ని. ఆయనకు ఏదో ఒకటి చేయాలనిపించేది, ఏం చేయాలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఖిల్లా గుట్ట కింద, పల్లికాయ పీకేసిన చెలకలో తిరుగుతుంటే చీమలు ఒక సీతాకోకచిలుక రెక్కను లాక్కుపోతూ కనిపించాయి. ఏ పిట్టో తిని వదిలేసినట్టుంది, మిగతా మూడు రెక్కలు పక్కనే పడి ఉన్నాయి. అడుగువైపు మట్టి రంగు. తిప్పి చూస్తే రెండు రెక్కల నిండా నీలం, ఒక్కోదానిలో రెండు ఎర్రటి కండ్లలాంటి చుక్కలు. అట్లాంటి నీలాన్ని నేను మా గంగాళంలో ఎప్పుడూ చూడలేదు. రెక్కను కాస్త వంచితే చీకటిపడేది, ఇంకాస్త వంచితే మళ్ళీ వెలిగేది. నాలుగు రెక్కలనూ లెక్కల నోటుబుక్కులో పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

"తాతా, ఈ రంగు కలుపుతవా?" అని అడిగాను. నీలం మీద ఆయనకు పోయిన ధైర్యం తిరిగొస్తుందని నా ఆశ.

ఆయన రెక్కను అరచేతిలో పెట్టుకుని ఎండలోకి నడిచాడు. చాలాసేపు చూశాడు. "కలుపుత. గిదేమన్న కష్టమా" అన్నాడు చివరికి.

మూడు వారాలు కలిపాడు. చిన్న చిన్న మట్టి ముంతల్లో నీలం, దానిలో చిటికెడు ఊదా, ఒకసారి బొట్టు పచ్చ. రోజుకో గుడ్డపేలిక ముంచి, ఆరాక రెక్క పక్కన పెట్టి నన్ను పిలిచేవాడు. "సరిపోయిందా బిడ్డా?" అంతకుముందు ఎవరినీ ఆ మాట అడగని మనిషి. ఈసారి నేను నేల చూడదలుచుకోలేదు. "లేదు తాతా. దగ్గరికొచ్చింది గని, ఇది ఎటు తిప్పినా ఒకటే తీరుగున్నది. రెక్క రంగు కదులుతది" అని చెప్పేదాన్ని. ఆయన కోపం తెచ్చుకోకుండా పేలికను తాడు మీద వేసేవాడు. ఆ తాడు నిండా నీలాలు. వాటిలో కొన్ని చాలా అందంగా ఉండేవి. ఏ ఒక్కటీ రెక్కకు సరిపోయేది కాదు.

చివరికి ఒక రోజు, నాలుగింటిలో ఒక నీలం రెక్కను నాయనమ్మ వెల్లుల్లి దంచే చిన్న రోట్లో వేసి మెత్తగా నూరాడు. మోదుగుపువ్వును నూరితే కాషాయం వస్తుంది, పసుపుకొమ్మును నూరితే పసుపు వస్తుంది, మరి దీన్ని నూరితే నీలం రావాలి కదా అన్నది ఆయన లెక్క. చుక్క నీళ్ళు పోసి, వేలితో తీసి, గోడ మీద రుద్ది నన్ను పిలిచాడు.

"ఇది ఏ రంగు?"

"మట్టి రంగు తాతా. గోధుమ పొట్టు లెక్కున్నది."

"నీక్కూడ గట్లనే కనిపిస్తందా?"

"నాక్కూడ."

ఆయన పొయ్యి గట్టు మీద నెమ్మదిగా కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఓడిపోయిన బాధ కన్నా ఏదో బరువు దిగిన తేలిక కనిపించింది. ఆ "నీక్కూడ"లో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మర్నాడు బడిలో విమల టీచర్‌కు ఈ సంగతంతా చెప్పాను. ఆమె మాకు సైన్సు చెప్పేది, రోజూ నర్సాపూర్ నుంచి బస్సులో వచ్చేది. మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే నన్ను పిలిచి, బీరువాలో తాళం వేసి ఉండే మైక్రోస్కోపు బయటికి తీసి, నేను పట్టుకొచ్చిన రెండో నీలం రెక్కను దాని కింద పెట్టింది. చూడమంది. రెక్క కనపడలేదు. మా ఇంటి కప్పు కనపడింది. వరుసలు వరుసలుగా, ఒకదాని మీద ఒకటి కప్పిన గూనపెంకులు. ప్రతి పెంకూ నీలంగా మెరుస్తోంది. టీచర్ అద్దాన్ని తిప్పి వెలుతురు కింది నుంచి వచ్చేటట్టు చేసింది. అవే పెంకులు, కానీ మట్టి రంగు. "మీ తాత నూరితే మట్టి రంగు వచ్చిందంటే ఆయన తప్పేం లేదు. అందులో నీలం రంగు లేనే లేదు" అంది. అదెట్లా అని అడిగాను. "శనివారం ఒక్కపూట బడి కదా, మీ ఇంటికి వస్తా. సీతాకోక రెక్కను రోట్లో నూరిన మనిషిని నేను చూడాలి" అని నవ్వింది.

శనివారం చెప్పినట్టే వచ్చింది. చేతిసంచిలో భూతద్దం, ల్యాబులో దీపానికి వాడే స్పిరిటు చిన్న సీసాలో. తాత నులకమంచం వాల్చి, "కూసోండ్రి టీచరమ్మా" అన్నాడు కానీ, తన పని గురించి ఎవరో బయటి మనిషి మాట్లాడటానికి వచ్చిందని కాస్త బిగుసుకునే ఉన్నాడు. టీచర్ నీలం రెక్కను పళ్ళెంలో పెట్టి, దాని మీద ఒక చుక్క స్పిరిటు వేసింది. చూస్తుండగానే ఆ తడిసిన మేర నీలం మాయమై మట్టి రంగు మిగిలింది.

"ఏమైంది?" అన్నాడు తాత. రెక్కను చూడలేదు, నా ముఖం చూస్తున్నాడు.

"నీలం పోయింది తాతా."

టీచర్ ఊదలేదు, తుడవలేదు. స్పిరిటు దానంతట అదే ఆరిపోయింది. ఆరిన చోటల్లా నీలం తిరిగొచ్చింది, ఏమీ జరగనట్టు. "వచ్చింది తాతా, మళ్ళొచ్చింది" అన్నాను.

"పోయిన రంగు మళ్ళొస్తదా?" తాత మంచం మీద నుంచి ముందుకు వంగాడు. "నా పుట్టుకల చూడలె. పోతే పోయినట్టే, ఉంటే ఉన్నట్టే."

"అది రంగు అయితే గదా తాతా పోయేది" అంది టీచర్. "సబ్బు బుడగ మీద రంగులు చూసినరా ఎప్పుడన్న?"

"ఎందుకు చూడలె."

"ఆ రంగులు సబ్బుల ఎవరన్న కలిపిండ్రా?"

"లేదు. నీళ్ళు, సబ్బు. గంతే."

"ఇది గూడ గంతే. ఈ రెక్క మీదున్న ఒక్కో పెంకుకు అడుగున ఒక పొర ఉంటది, బుడగ పొర లెక్క బహు పలచగ. వెలుతురు దాని మీద పడుతది. కొంత పైనుంచే ఎగిరొస్తది. కొంత లోపటికి పోయి, అడుగు తాకి, కొద్దిగ ఆలస్యంగ ఎగిరొస్తది. ఆ రెండూ కలిసి మన కంటికొస్తయి." టీచర్ ఇంకా ఏదో చెప్పబోయి, పెరటివైపు చూసి ఆగింది. అక్కడ తాడు దగ్గర ఒక తడిచీర పిండి పెట్టి ఉంది. "అమ్మా, మీరిద్దరు ఆ చీర ఎట్ల ఆరబెడుతరో ఒకసారి చూపియ్యుండ్రి" అని నాయనమ్మను అడిగింది.

మేమిద్దరం చెరో కొస పట్టుకున్నాం. కలిసి ఊపమంది. చీర ఎగిసింది. ఇప్పుడు ఒకరు లేపేటప్పుడు ఒకరు దించమంది. నడిమి భాగం చప్పబడింది. "చూసినరా తాతా. వెలుతురు కూడ అలనే. నీలానికి ఒక ఊపు, ఎరుపుకు ఒక ఊపు, పసుపుకు ఒక ఊపు. ఆ పొర మందం ఎంతుందంటే, నీలం ఊపులు రెండూ కలిసి లేస్తయి, నీలం ఎగుస్తది. మిగిలిన రంగులవి ఒకటి లేస్తే ఒకటి దిగుతది, చప్పబడుతయి. స్పిరిటు పోస్తే పెంకు సందులు నిండిపోయి వెలుతురు సరిగ్గ ఎగరది. ఆరితే మళ్ళ మామూలే. మీరు నూరిండ్రు, పెంకులు పొడి పొడి అయినయి. పొర లేదు, నీలం లేదు. మిగిలింది దాని ఒంటి మట్టి రంగు."

నాయనమ్మ చీర కొస పట్టుకునే నిలబడిపోయింది. తాత తాడు మీద వేలాడుతున్న పేలికలవైపు చూశాడు. "అయితే రంగు లేకుండనే నీలమైతదన్నట్టు" అన్నాడు మెల్లగా. "అవును" అంది టీచర్. తర్వాత ఆమె గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అడిగింది. "తాతా, నేను స్పిరిటు వేసినప్పుడు మీరు రెక్కను చూడలేదు. మీ మనుమరాలి ముఖం చూసిండ్రు. మీకు ఈ రెక్క ఏ రంగుల కనిపిస్తది?"

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఆయన భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"బూడిద రంగు" అన్నాడు. "మొదటి దినం సందే నాకు బూడిద లెక్కనే కనిపిస్తంది. బిడ్డ నీలమన్నది కదా అని నీలం కలిపిన. ఎన్ని దినాలాయెనో, నీలం ఏదో పచ్చ ఏదో తెలుస్తలేదు టీచరమ్మా. పొట్లం మీది రాత చదివిపిచ్చుకుని, గుర్తు పెట్టుకుని వేస్తున్న. రంగ్రేజ్‌కు రంగులు కనిపిస్తలేవని ఎట్ల చెప్పాలె?"

నూరిన రోజు ఆయన "నీక్కూడ" అని ఎందుకడిగాడో నాకప్పుడు తెలిసింది. ఆ మట్టి రంగు తన కండ్ల తప్పేమోనని భయపడ్డాడు. కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాడు. మూడు వారాలు నన్ను రోజూ పిలిచి అడిగింది నా మెప్పు కోసం కాదు, నా కండ్ల కోసం. నాయనమ్మ చీర వదిలేసి వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "మరి ధోవతి పచ్చగున్నదని నన్ను తిడితివి కదా" అంది. ఏడుపో నవ్వో తెలియని గొంతు. "తిట్టిన" అన్నాడు తాత. "నీకెందుకు చెప్పలె అంటే, చెప్తే పని బంజేయమంటవని."

కంట్లో ఉండే అద్దం వయసుతో పసుపురంగుకు తిరుగుతుందని, దాని గుండా నీలం లోపలికి రాదని, తెలుపు కూడా పసుపుగా కనిపిస్తుందని టీచర్ వివరించింది. దాన్నే శుక్లం అంటారని, తీసేస్తే చూపు వస్తుందని చెప్పింది. తాత ఒప్పుకోలేదు. టేక్మాల్‌లో ఆయనకు తెలిసిన ఒకాయన, ఊళ్ళు తిరిగే వైద్యుడితో కంట్లో సూది పొడిపించుకుని ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నాడట. "ఎరుపు, పసుపు కనిపిస్తున్నయి. అవ్వి గూడ పోతే ఇంట్ల కూసోబెట్టి బుక్కెడు బువ్వ పెడుతరు. నాకద్దు" అన్నాడు. సూది పొడిచేవాడు వేరు, డాక్టరు వేరు అని టీచర్ చెప్పి చూసింది. ఆ చలికాలం మెదక్‌లో కంటి శిబిరం పెడుతున్నారని, పేరు రాయిస్తానని చెప్పి, బస్సు టైమై లేచింది.

ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. తాత మాత్రం పొద్దున ఎండ దిగగానే పళ్ళెంలో ఉన్న రెక్క ముందు కూర్చునేవాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూసేవాడు. ఒక రోజు నేను బడికి పోతుంటే ఆపాడు. "మీ టీచరమ్మకు చెప్పు, పేరు రాయమని" అన్నాడు. "రంగు లేకుండనే నీలమైతదంట. గది ఒక్కసారన్న చూడకుండ పోతే ఎట్ల?"

ఆ రోజుల్లో కంటి ఆపరేషన్ అంటే ఇప్పటిలా పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావడం కాదు. తల కదలకుండా ఇరువైపులా ఇసుక మూటలు పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్ళు. నాయనమ్మ గిన్నెలో జావ తీసుకుపోయి చెంచాతో తాగించేది. ఒక్క నిమిషం కూర్చోని మనిషి, వెల్లకిలా పడుకుని పైకప్పువైపు కట్టు కట్టిన కండ్లతో ఉండటం చూస్తే నాకు భయమేసేది. చూపు రాకపోతే ఆ పాపం నాది. రెక్క తెచ్చింది నేను, టీచర్‌ను పిలిచింది నేను. దవాఖాన వరండాలో కూర్చుని లెక్కలు చేస్తున్నట్టు నటించేదాన్ని. కట్టు విప్పి, సీసా అడుగులాంటి మందపాటి అద్దాలు పెట్టిన రోజు, మేమిద్దరం ఎదురుగా నిలబడ్డాం. ఆయన ముందు నన్ను చూశాడు. తర్వాత నాయనమ్మను. ముఖం కాదు, ఆమె చీర.

"ఇది నేనేసిన నీలమేనా?" అన్నాడు.

"నువ్వేసిందే. నిరుడు."

"ఛీ. గిట్లేసిన్నా? గిది కట్టుకుని బజార్ల తిరిగినవా నువ్వు?"

"నువ్వేసినవ్ కదా, కట్టుకున్న" అంది నాయనమ్మ. అప్పుడు ఏడ్చింది, దాచుకోకుండా. పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. తాత మాత్రం తన ధోవతి కొస పట్టుకుని చూసి, "తెల్లగనే ఉన్నది. మస్తు తెల్లగున్నది" అని రెండుసార్లు అన్నాడు. మా ఇంట్లో క్షమాపణ అంటే అంతకన్నా ఉండదు.

ఇంటికి వచ్చాక ఆయన చేసిన మొదటి పని, గడిచిన రెండేళ్ళలో తన దగ్గర నీలం, పచ్చ వేయించుకున్న వాళ్ళందరికీ కబురు పెట్టడం. బట్ట తెస్తే మళ్ళీ సరిగ్గా వేసిస్తానని. కొందరు తెచ్చారు, కొందరికి గుర్తే లేదు. శివ్వంపేటకు తానే బస్సెక్కాడు, తోడుకు నేను. పటేలమ్మ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. కండ్ల సంగతంతా విని నిట్టూర్చింది. "చీరియ్యుండ్రి పటేలమ్మా, ఆకాశం రంగు తెచ్చిస్త" అన్నాడు తాత.

"అద్దు మల్లయ్యా" అందామె. "మొదలు కోపమొచ్చింది గని, కట్టంగ కట్టంగ అలవాటైంది. పెండ్లిల నలుగురడిగిండ్రు, ఇదేం రంగు, ఎక్కడేయించినవని. ఇట్లాంటిది ఇంకొకరికి లేదు. నా చీర జోలికి రాకు."

వాపసు వచ్చేటప్పుడు బస్సులో తాత నవ్వుతూనే ఉన్నాడు. కానీ ఆయనకు తృప్తి లేదు. మర్నాడు అదే నాచు రంగు ఎట్లా వచ్చిందో కనుక్కోవాలని మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. రాలేదు.

ఆ ఏడు పోయి పదో తరగతి అయ్యాక, నన్ను హైదరాబాదు పంపి చదివించాలన్నది ఆయనే. బాపు వెనకాడితే, "వెలుతురు సంగతి నేర్చుకుంటదంట. నేర్చుకోని" అన్నాడు. నేను భౌతికశాస్త్రం చదివి, తిరిగి మెదక్‌కే వచ్చి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, అక్కడే రిటైరయ్యాను. పలచటి పొర మీద వెలుతురు పాఠం వచ్చినప్పుడల్లా ఇద్దరు పిల్లలను లేపి ఒక చున్నీ ఇచ్చి ఊపమనేదాన్ని. నా చిన్నతనంలో ఊరు మొత్తానికి మా బడి బీరువాలో ఒక్క మైక్రోస్కోపు ఉండేది. దాని తాళంచెవి ఎప్పుడూ ఎవరి దగ్గరో ఉండేది. పోయిన చలికాలం బాలికల బడికి మాట్లాడటానికి పిలిస్తే, ఒక పిల్ల తన తల్లి సెల్‌ఫోనుకు గోరంత అద్దం అంటించి, రెక్క మీది పెంకులు క్లాసంతటికీ చూపించింది. నేను ఆ వయసులో మైక్రోస్కోపు ముట్టుకోవడానికే భయపడ్డాను. పోయినవి పోయాయి, రాగి గంగాళాలు, ఆ ఎండలో చూసే ఓపిక, ఉల్లిపొర అనే రంగు పేరు. కానీ అన్నీ మంచివే పోయాయని చెబితే అబద్ధం. మా గంగాళాల నీళ్ళు మోరీలో ఎర్రగా, పచ్చగా పారి కింది వాడకట్టు వాళ్ళ ముంగిట్లో నిలిచేవి. పెరట్లో జామచెట్టు ఆ నీళ్ళకే ఎండిపోయింది. రంగు వేయకుండానే, సీతాకోకచిలుక చేసినట్టు పొరలు పేర్చి, బట్టకు రంగు తెప్పించాలని ఇప్పుడు కొందరు ప్రయోగశాలల్లో కూర్చుని కుస్తీ పడుతున్నారని చదువుతుంటాను. ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. వస్తుందనే అనుకుంటున్నాను. ఆ పిల్లల్లో ఎవరో ఒకరు అక్కడ ఉంటారని కూడా అనుకుంటున్నాను.

బతికి ఉన్న సీతాకోకచిలుక మీద ఆ నీలాన్ని తాత చూసిన పొద్దు ఒకటుంది, అది చెప్పి ముగిస్తాను. శివ్వంపేట వెళ్ళొచ్చిన తర్వాతి వారం, ఖిల్లా గుట్ట కింద అదే చెలకలోకి తీసుకుపొమ్మన్నాడు. ఎండ బాగా ఎక్కాక ఒకటి వచ్చి నేల మీద వాలి రెక్కలు పరిచింది. తాత ఆ మందపాటి అద్దాలతో మోకాళ్ళ మీద వంగాడు. తల ఎడమకు వంచాడు, కుడికి వంచాడు, నీలం పోతూ వస్తూ ఉంటే అట్లాగే ఊగుతూ చాలాసేపు ఉండిపోయాడు. మేకలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి, "ఏం పడిపోయింది పెద్దమనిషీ, దేవులాడుతున్నవ్?" అని అడిగాడు. "ఏం పడలే, నువ్ నడువు" అన్నాడు తాత తల ఎత్తకుండా. అది ఎగిరిపోయాక లేచి, మోకాళ్ళు దులుపుకుని, "రేపు మీ టీచరమ్మను అడుగు, పావురాయి మెడ మీద మెరుస్తది కదా, అది గూడ గిదేనా అని" అన్నాడు. అడిగాను. అదీ అంతేనట. ఆ సాయంత్రం వచ్చి చెబితే, పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. గంగాళంలో ఎవరిదో పెండ్లి రుమాలు ఎర్రగా ఉడుకుతోంది.

"అయితే నెమలిది?" అన్నాడు.

"అది గూడ గంతే తాతా. ఈకల నీలం రంగు లేదంట."

కర్రతో గంగాళంలోకి చూపించి, "మరి నా ఎరుపు?" అని అడిగాడు.

"అది రంగే తాతా. నువ్వేసిన రంగే."

"పోనీ. గదన్న మనకు మిగిలింది" అని, ఇంకో కట్టె తీసి పొయ్యిలోకి ఎగదోశాడు.